నాలుగో అర నీళ్ళు

నాతో గొడవ పడని రోజు సీసాలమ్మకు తిండి సహించదని నేను అందరితోనూ అనేవాణ్ణి. "నీ మొహం! నీతో గొడవ పెట్టుకునే తీరిక నాకెక్కడిది?" అనేది ఆవిడ. అని ఊరుకునేదా? అక్కడే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఇంకో పావుగంట గొడవ పడేది. ఇప్పుడు ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ముందు గుర్తుకొస్తున్నది ఆ నడుం మీది చెయ్యే.

మా పరిశోధనశాలలో ఎలుకల గది చూసుకునేది ఆవిడ. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు. హాజరు పుస్తకంలో ఆవిడకు నిక్షేపంలాంటి పేరొకటి ఉంది కానీ ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలికేది కాదు. మొదట ఎలుకల నీళ్ళసీసాలు కడిగే పనిలో చేరింది కనక సీసాలమ్మ అయింది, ఆ గది మొత్తానికి పెత్తనం వచ్చాక కూడా సీసాలమ్మగానే ఉండిపోయింది. మేం ఎదురుగా మాత్రం పెద్దమ్మా అనేవాళ్ళం.

నా సంగతి కూడా చెప్పాలి. నేను రక్తం పరీక్షించే మిషన్ దగ్గర పనిచేస్తాను. ఎలుకల రక్తం చిన్న గొట్టాల్లో నా దగ్గరకు వస్తుంది, అందులో కాల్షియం ఎంత, మరోటి ఎంత అని నా మిషన్ అంకెలు చెబుతుంది. పద్నాలుగేళ్ళుగా అది నా చేతిలోనే ఉంది. దాని మీద ఎవరైనా కాఫీ కప్పు పెడితే అంతెత్తున లేస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాన్ని దాచుకోవాలని కూడా నాకెప్పుడూ అనిపించలేదు. సీసాలమ్మ నన్ను మిషనబ్బాయ్ అని పిలిచేది. నాకు నలభై ఒకటి దాటినా నేను అబ్బాయినే.

ఆవిడకొక పిచ్చి ఉండేది. రోజూ పొద్దున్నే ప్రతి ఎలుక పెట్టెకూ ఉన్న నీళ్ళసీసా తీసి, మూతి తుడిచి, సొంత వంటింటి నుంచి తెచ్చుకున్న చిన్న కాటా మీద పెట్టి తూచేది. నిన్నటి బరువులోంచి ఈ రోజు బరువు తీసేసి, ఎంత తాగిందో పెట్టె మీది కార్డులో పెన్సిలుతో వేసేది. అంతా సవ్యంగా ఉంటే పక్కన "మామూలే" అని రాసేది. ఈ పని ఆవిణ్ణి ఎవరూ చేయమనలేదు. మా ఫారాల్లో మేత ఎంత, బరువు ఎంత, మందు ఎంత అన్న గడులున్నాయి తప్ప నీళ్ళ గడి లేదు. ఆ కార్డులు నిండాక రబ్బరుబ్యాండు వేసి అలమారాలో పడేసేది. బస్సు నడిపే వాళ్ళాయన ఒకసారి మా దగ్గర వాపోయాడు: "మా ఇంట్లో దొంగచాటుగా మంచినీళ్ళు కూడా తాగలేమండీ. ఎవరెన్ని గ్లాసులు తాగారో సాయంత్రానికల్లా చెప్పేస్తుంది!"

ఈ పిచ్చి వెనక ఒక కథ ఉంది. దానికి ముందు ఆవిడ కాళ్ళ సంగతి చెప్పాలి.

సీసాలమ్మ కాళ్ళు దొడ్డికాళ్ళు. మోకాళ్ళ మధ్య ఒక దిండు పట్టేంత సందు. అటూ ఇటూ ఊగుతూ నడిచేది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మానాన్నలిద్దరూ కార్ఖానాలో పనికి పోతూ, పిల్ల ఎటైనా పోతుందన్న భయంతో కిటికీ లేని గదిలో పెట్టి తాళం వేసుకునేవారట. ఐదేళ్ళు వచ్చేదాకా ఆవిడ ఎండ మొహం ఎరగదు. కాళ్ళు ఎందుకిలా అయ్యాయని ఎవరూ అడగలేదు, ఆవిడ పుట్టుకే అంత అనుకున్నారు.

ఇరవై రెండేళ్ళకు మా దగ్గర చేరిన రెండో వారంలో ఆవిణ్ణి ఒక చీకటి గదిలోకి పంపారు. కిటికీలకు నల్ల కాగితాలు అంటించిన గది అది. విటమిన్ డి తీసేసిన మేత పెట్టి, ఎండ తగలకుండా పెంచిన ఎలుకపిల్లలున్నాయి అందులో. వాటి ముందుకాళ్ళు విల్లులా వంగిపోయి, అటూ ఇటూ ఊగుతూ నడుస్తున్నాయి. ఈవిడ చేతిలో సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయి, "ఇదేంటి, వీటికీ నాకూ చుట్టరికం ఉన్నట్టుందే!" అందట పైకే. అప్పటి ముసలి డైరెక్టరు పక్కనే ఉన్నాడు. పకాలున నవ్వాడు. తర్వాత ఆవిడ కాళ్ళు చూశాడు, నవ్వు ఆపేశాడు. కూర్చోబెట్టి ఎండ గురించీ, ఒంట్లో తయారయ్యే ఆ విటమిన్ గురించీ, ఎముకల గురించీ ఓపిగ్గా చెప్పాడు. ఆ ఎలుకలకు ఆ విటమిన్ చుక్కలమందు మొదలుపెట్టాక నాలుగు వారాల్లో కాస్త చక్కగా నడిచాయట. "వాటికి నాలుగు వారాలు పట్టింది. నా కాళ్ళకేమయిందో నాకు చెప్పడానికి లోకానికి ఇరవై రెండేళ్ళు పట్టింది," అని నవ్వేది సీసాలమ్మ. ఆవిడ ఈ ఉద్యోగం వదలకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

నీళ్ళ కథ మూడో ఏట జరిగింది. ఆ విటమిన్ తక్కువైతే ఎముకలు వంగుతాయి. ఎక్కువైతే ఇంకా ప్రమాదం, రక్తంలో కాల్షియం పెరిగిపోయి మూత్రపిండాలు పాడవుతాయి. అప్పుడు మొదట కనిపించే గుర్తు దాహం. ఏదో కొత్త మందు పరీక్షలో ఒక అరలోని ఎలుకలు సీసాలు ఖాళీ చేసేస్తుంటే ఈవిడ రోజుకు రెండుసార్లు నింపింది. ఎవరికీ చెప్పలేదు. సీసాలు కడిగేదాన్ని, నాకెందుకులే అనుకుంది. సెలవు రోజులు రెండు గడిచి వచ్చి చూస్తే పదకొండు ఎలుకలు చచ్చిపడి ఉన్నాయి. "నోరుండి మూగదాన్నయ్యాను," అనేది. ఆ మర్నాడే ఇంటి నుంచి కాటా తెచ్చింది.

ఇక అసలు సంగతి. మా దగ్గర డాక్టరమ్మ ఒకావిడ పదకొండేళ్ళుగా ఒకే పని మీద ఉంది. విటమిన్ డి నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థానికి ఇంకో గుణం కూడా ఉంది, పిచ్చిగా పెరిగే చర్మాన్ని అదుపులో పెడుతుంది. సొరియాసిస్ ఉన్నవాళ్ళకు అది వరమే. కానీ మాత్రగా మింగిస్తే, చర్మానికి పనిచేసేంత మోతాదులో కాల్షియం పెరిగిపోతుంది. ఆ పదార్థాన్ని అక్కడ కాస్త, ఇక్కడ కాస్త మార్చి, చర్మానికి పనికొచ్చి కాల్షియం జోలికి పోని మందు చేయాలన్నది ఆవిడ పట్టుదల. ఇరవై రెండు మందులు చేసింది, ఇరవై రెండూ బెడిసికొట్టాయి. ఇరవై మూడోది నిలబడింది. దానికి పేరు కూడా పెట్టకుండా ఇరవైమూడు అనే పిలిచేవాళ్ళం. వెలుగు తగిలితే పాడవుతుందని దాన్ని గోధుమరంగు సీసాల్లో పోసి, వెండిరేకు చుట్టి, పసుపు దీపాల గదిలో ఉంచేవాళ్ళు. ఆ గదిలో అందరం కామెర్లు వచ్చినవాళ్ళలా కనిపించేవాళ్ళం.

ఆ ఇరవైమూడు కోసం నా చెల్లెలు ఎదురుచూస్తోంది.

నా చెల్లెలు దర్జీ. ఇంటి ముందుగదిలోనే కొట్టు. చెయ్యి తిరిగిన పనిమంతురాలు. దానికి తొమ్మిదేళ్ళుగా సొరియాసిస్. మోచేతులు, తల, అన్నిటికన్నా అరచేతులు. చర్మం పొలుసులు పొలుసులుగా లేచి, పగిలి, రక్తం వచ్చేది. అది అంటురోగం కాదు. ఆ మాట చెప్పిచెప్పి దాని నోరు అరిగిపోయింది. కొలత తీయడానికి చెయ్యి చాస్తే మనుషులు భుజాలు ముడుచుకునేవారు. పల్చటి నూలు తొడుగులు వేసుకుని కొలతలు తీసేది. "డాక్టర్లా ఉన్నాను కదన్నయ్యా?" అని నవ్వేది. 

ఇరవైమూడును మొదటిసారి మనుషులకు ఇచ్చే పరీక్షలో చేరతానని అది ఆసుపత్రిలో సొంతంగా పేరిచ్చింది. మొదటి జాబితాలోనే ఉంది. ఎలుకలకు ఏ మోతాదు దాకా హాని లేదని తేలుతుందో, దాన్ని బట్టే మనుషుల మోతాదు కడతారు. ఎలుకల గదిలో నాలుగు అరలు. మొదటి అరలోవాటికి మందు కలపని ఉత్త నూనె, రెండో అరకు తక్కువ మందు, మూడో అరకు మధ్యస్థం, నాలుగో అరకు అన్నిటికన్నా ఎక్కువ. అరకు ఎనిమిది ఎలుకలు, ఒక్కోదానికి ఒక్కో పెట్టె. రోజూ సాయంత్రం చెల్లెలు ఫోను చేసేది. "మీ ఎలుకలు కులాసానా? నేనడిగానని చెప్పు."

ఐదో వారంలో సీసాలమ్మ నన్ను వరండాలో పట్టుకుంది.

"మిషనబ్బాయ్, నాలుగో అర తాగేస్తోంది."

"తాగనీ పెద్దమ్మా. ఎండలు ముదిరాయి కదా."

"ఎండ నాలుగో అరకే కాస్తోందా?"

నాకు ఒళ్ళు మండింది. ఈవిడకు ఎప్పుడూ ఏదో ఒక శకునం కావాలి అనుకుని, "ఆరో వారంలో రక్తం తీస్తారుగా, అప్పుడు తేలుతుంది," అని తప్పించుకున్నాను. ఆవిడ చెప్పినదాన్ని చెవిన వేసుకోలేదు. వేసుకోవాలనిపించలేదు అంటే ఇంకా నిజం.

ఆరో వారంలో సూదుల మాస్టారు రక్తం తీశాడు. ఆయన పేరుకు తగ్గ మనిషి. ఎలుకను అరచేతిలో పట్టుకుని ఏదో కూనిరాగం తీస్తూ తోకలోంచి రక్తం తీస్తే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఒక్కో ఎలుక రక్తం రెండు గొట్టాల్లోకి పోతుంది. ఊదారంగు మూతది రక్తకణాలు లెక్కపెట్టే గదికి, ఎర్రమూతది నాకు. నాలుగో అర గొట్టాల్లో రక్తం సరిగ్గా గడ్డ కట్టలేదు. విసుక్కుంటూ, గడ్డ నుంచి పై నీటిని విడగొట్టే చక్రంలో రెండోసారి తిప్పి, మిషన్‌లో పెట్టాను. అంకెలు వచ్చాయి. ఎనిమిదిలో ఏడింటికి కాల్షియం పది దగ్గర, అంటే ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ఉండాల్సినంతే. ఒక్కదానికి మాత్రం పద్నాలుగు పాయింట్ తొమ్మిది.

"ఒక్కటేగా. గొట్టంలో ఏదో తేడా వచ్చి ఉంటుంది, పక్కన పెట్టండి," అంది డాక్టరమ్మ. నేను దాని పక్కన "లెక్కలోకి తీసుకోలేదు" అని రాశాను. మర్నాడు సాయంత్రం ఆ నివేదిక పైకి వెళ్తుంది. నాలుగో మోతాదు దాకా భయం లేదు! నేను ఆగలేక ఇంటికి వెళ్ళే దారిలోనే చెల్లెలి కొట్టుకు పోయి చెప్పేశాను. అది కొలత టేపు మెడలో వేసుకుని గిర్రున తిరిగింది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, చిన్నపిల్లలా గెంతులు!

మర్నాడు పొద్దున్న సీసాలమ్మ నా గదిలోకి వచ్చింది. పద్నాలుగేళ్ళలో ఆవిడ నా గుమ్మం దాటడం అదే మొదటిసారి. చేతిలో ఎనిమిది కార్డులు.

"రక్తం బాగుందన్నావట?"

"అన్నాను."

"ముప్ఫై మిల్లీ తాగే ఎలుక డెబ్భై తాగుతోంది. కింద పొట్టు తడిసి ముద్దయిపోతే రోజుకి రెండుసార్లు మారుస్తున్నా. వీపు గూని పెట్టుకుని మూల కూర్చుంటున్నాయి. ఒకటి కాదబ్బాయ్, ఎనిమిదీ అంతే. మరి నీ మిషనుకి ఒక్కటే ఎందుకు దొరికింది?"

"నా మిషన్ని అంటే మర్యాదగా ఉండదు పెద్దమ్మా."

"నీ మిషన్ని నేనేం అనలేదు. దాని నోట్లో ఏం పెట్టారో అది చూసుకోమంటున్నా."

"మీరు సీసాలు చూసుకోండి. రక్తం మేం చూసుకుంటాం. ఇంతమంది చదువుకున్నవాళ్ళం ఉన్నాం ఇక్కడ!" అన్నాను. గొంతు ఎంత పెంచానంటే పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు. అక్కడితో ఆగానా? "అది మా చెల్లెలి మందు, తెలుసా మీకు?" అని కూడా అరిచాను.

ఆవిడ నడుం మీది చెయ్యి తీసేసింది. "తెలుసు కాబట్టే వచ్చాను," అని కార్డులు బల్ల మీద పెట్టి, ఊగుతూ వెళ్ళిపోయింది.

ఆవిడ గొడవ పడకుండా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. అది నాకు ఇంకా మంట పుట్టించింది. సరే, ఈవిడకు మొత్తం అంకెలు అచ్చు తీసి మొహాన కొడతాను, జన్మలో మళ్ళీ నా జోలికి రాదు అనుకున్నాను. మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక మిషన్‌లో దాచి ఉన్న పాత లెక్కలన్నీ తెరిచాను. మేం అడిగినా అడగకపోయినా నా మిషన్ ప్రతి గొట్టంలోనూ పొటాషియం కూడా కొలిచి పెట్టుకుంటుంది. దాన్ని ఎవరూ అడగరు కనక నేను ఎప్పుడూ అచ్చు తీయను. ఆ రోజు మొదటిసారి ఆ వరస చూశాను.

మొదటి అర, అన్నీ ఐదు దగ్గర. రెండో అర, ఐదు. మూడో అర, ఐదు. నాలుగో అర: తొమ్మిది, ఎనిమిది పాయింట్ ఎనిమిది, తొమ్మిదిన్నర. ఏడింటికి అలాగే ఉంది. ఎనిమిదోది, నేను లెక్కలోంచి తీసేసిన ఆ ఒక్క ఎలుకకు మాత్రం ఐదు పాయింట్ రెండు.

ఒంట్లో అంత పొటాషియం ఉన్న ఎలుక పెట్టెలో కూర్చుని నీళ్ళు తాగదు, గుండె ఆగి ఉంటుంది. అంటే ఆ పొటాషియం ఎలుకది కాదు, గొట్టానిది. ఊదామూత గొట్టం అడుగున రక్తం గడ్డ కట్టకుండా ఒక ఉప్పు పూస్తారు. అందులో పొటాషియం ఉంటుంది, పైగా అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుని దొరక్కుండా చేస్తుంది. కాల్షియం చూడాల్సిన రక్తంలో ఊదాగొట్టం చుక్క కూడా కలవకూడదని ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. గడ్డ కట్టని రక్తం నా కళ్ళ ముందే ఉంది. విసుక్కున్నాను తప్ప ఎందుకు కట్టలేదని అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కాసేపు కుర్చీలోంచి లేవలేదు. మెడలో టేపుతో గిర్రున తిరిగిన మనిషే కనిపిస్తోంది. ఇది బయటపెడితే దాని ఆశ నా చేతులతో నేనే తుంచినట్టు. బయటపెట్టకపోతే, ఆ మోతాదు మింగే మొదటి మనుషుల్లో అదీ ఉంటుంది. డెబ్భై మిల్లీలు తాగి, గూని పెట్టుకుని మూల కూర్చునేది అదే. లేచాను. సీసాలమ్మ కార్డులు జేబులో పెట్టుకుని భోజనాల గదికి పరిగెత్తాను.

"మాస్టారూ, నాలుగో అర వాటికి ఎర్రమూత గొట్టాలు నిండాయా?"

సూదుల మాస్టారు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "ఎక్కడయ్యా! వాటికి రక్తం జారితేగా? ఒళ్ళు ఎండిపోయినట్టున్నాయి. ఊదా గొట్టం నింపి, ఎర్రదాంట్లో సగం పడేసరికి ఆగిపోయింది. ఒక్కటి మాత్రం బాగా ఇచ్చింది. మిగతావాటిని పాపం మళ్ళీ పొడవడం ఎందుకని ఊదా దాంట్లోంచి ఎర్రదాంట్లోకి కాస్త వంచాను. అన్నీ దాని రక్తమేగా."

ఇరవై ఎనిమిదేళ్ళుగా రక్తం తీసే మనిషి. గొట్టాల అడుగున ఏముంటుందని అడిగే పని ఆయనకెప్పుడూ పడలేదు, చెప్పాలని నాకెప్పుడూ తోచలేదు. సంగతి చెప్పగానే ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నేను ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనే మొహం నాకుంటేగా!

డాక్టరమ్మ నివేదిక మీద సంతకం పెట్టేసి కూర్చుంది. సీసాలమ్మను కూడా పిలుచుకుని ముగ్గురం లోపలికి వెళ్ళాం. నేను పొటాషియం అంకెలు చూపించాను. మాస్టారు తల వంచుకునే జరిగింది చెప్పాడు. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోమనలేదు, ఆవిడే లేచి నిలబడి ఎనిమిది కార్డులూ ఒక్కొక్కటే చదివింది.

"ఇవి ఎన్నేళ్ళుగా రాస్తున్నారు?"

"ముప్ఫై మూడేళ్ళు."

"నాకెందుకు చూపించలేదు?"

"మీ ఫారంలో నీళ్ళ గడి లేదు కదమ్మా," అంది సీసాలమ్మ.

గంటలో మళ్ళీ రక్తం తీశారు. ఈసారి ఎర్రమూత మొదట, ఊదామూత తర్వాత, రక్తం చాలకపోతే రెండో పోటు. మాస్టారు కూనిరాగం తీయలేదు. నేను మిషన్ పక్కన నిలబడి చూస్తున్నాను. పదిహేను పాయింట్ ఒకటి. పద్నాలుగు పాయింట్ ఆరు. పదిహేనున్నర. ఎనిమిదీ అంతే. సీసా చెప్పినదాన్నే మిషన్ చెప్పింది, కాకపోతే వారం ఆలస్యంగా చెప్పింది.

డాక్టరమ్మ కుర్చీలో కూలబడి "పదకొండేళ్ళు," అంది, అంతే. సంతకం పెట్టిన నివేదికను నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. "నాలుగో అరకు మందు ఆపేయండి."

"అమ్మా, రెండో అర కూడా చూడండి," అంది సీసాలమ్మ. ఆవిడ అలమారా దగ్గరకు పోయి ఇంకో ఎనిమిది కార్డులు తెచ్చింది. ఆరు వారాలు, రోజుకొక గీత, ప్రతి గీత పక్కనా అదే మాట: మామూలే. మామూలే. మామూలే. "మూడోది అటూ ఇటూగా ఉంది. రెండోది మాత్రం బంగారం."

డాక్టరమ్మ గబగబా ఇంకో ఫైలు లాగింది. సొరియాసిస్‌లో లాగా చర్మం మందమైన బోడి ఎలుకల మీద ఇదే మందు పరీక్షించిన ఫైలు అది. అందులో రెండో మోతాదు, నాలుగోది చేసిన పనిలో ముప్పావు వంతు చేసింది. ఆవిడ తల పైకెత్తింది. ఆ మొహంలోకి ప్రాణం లేచొచ్చింది. "మరి మనకి నాలుగోది ఎందుకు?" అంది. ఆ క్షణంలో డాక్టరమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది నాకు. కానీ అన్నీ మొదటినుంచీ చేయాలి. తొమ్మిది నెలలు.

చెల్లెలికి చెప్పే పని నాదే.

"ఒక నీళ్ళసీసా చూసి ఆపేశారా?" అంది అది కత్తెర బల్ల మీద పెట్టి.

"ఆ సీసా చూడకపోయి ఉంటే నీకు..."

"నాకేం కాదు! నాకు కావాల్సింది నాకు తెలుసు." తొడుగులు లాగేసి రెండు అరచేతులూ నా ముందు చాచింది. పగుళ్ళలో రక్తం ఎండి ఉంది. "ఇవి పెట్టుకుని నువ్వు బతుకు అన్నయ్యా తొమ్మిది నెలలు. బతికి చెప్పు." మూడు వారాలు అది నాతో మాట్లాడలేదు.

ఈ సంగతి నేను సీసాలమ్మకు చెప్పలేదు. ఆవిడే పసిగట్టింది. ఒక ఆదివారం గుడ్డముక్క ఒకటి చంకన పెట్టుకుని చెల్లెలి కొట్టుకు వచ్చేసింది. నేను లోపలిగదిలో ఉన్నాను. నాతో మాట్లాడకపోయినా తిండి పెట్టడం మానలేదు నా చెల్లెలు.

"నా కాళ్ళకి సరిపోయే ప్యాంటు ఈ భూమ్మీద ఎవరూ కుట్టలేదు. నీకు పొగరు ఎక్కువని మీ అన్న చెప్పాడు. అలాంటివాళ్ళకే కుదురుతుందేమోనని వచ్చా," అంది.

చెల్లెలు ముభావంగా తొడుగుల కోసం వెతుక్కుంది.

"అవి పారెయ్. ముప్ఫై ఆరేళ్ళు ఎలుకల కింద పొట్టు ఎత్తిన చేతులమ్మా నావి. నీ చేతులకి నేను భయపడతానా?"

చెల్లెలు ఒట్టి చేతులతోనే కొలతలు తీసింది. లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి, మోకాలి దగ్గర మళ్ళీ ఇంకొకటి. ఆవిడ భుజం ముడుచుకోలేదు, కాలు వెనక్కి తీసుకోలేదు. కాసేపయ్యాక చెల్లెలు నేల వైపే చూస్తూ అడిగింది: "ఆ నాలుగో అరవి ఏమయ్యాయి?"

"మందు ఆపాక ఐదు కోలుకున్నాయి. మూడు పోయాయి. కోసి చూస్తే మూత్రపిండాల్లో సుద్ద గీసినట్టు తెల్లటి చారలు." సీసాలమ్మ దాచలేదు. "నాకు ఆ రోజుల్లో నిద్ర లేదమ్మా. నువ్వెవరో నాకు తెలియదు. మీ అన్న ఫోనులో నీ నవ్వు వినడమే. ఆ నవ్వు మనిషికి ఇలా అవుతుందా అని ఒకటే భయం."

చెల్లెలు టేపు చుట్టి పక్కన పెట్టింది. ఆ సాయంత్రం నాకు అన్నం వడ్డిస్తూ, "ఆవిడ ఎడమకాలికి రెండంగుళాలు ఎక్కువ గుడ్డ పడుతుందన్నయ్యా," అంది. అంటే మాటలు మొదలైనట్టే.

తొమ్మిది నెలలు గడిచాయి. రెండో మోతాదుతో మళ్ళీ అన్ని పరీక్షలూ నెగ్గింది ఇరవైమూడు. ఇప్పుడు మా ఫారాల్లో నీళ్ళ గడి ఉంది. సూదుల మాస్టారి బల్ల మీద "ఎర్ర ముందు" అని ఆయన చేత్తో రాసుకున్న అట్ట ఉంది. పొటాషియం వరస చూడకుండా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను. సీసాలమ్మ అప్పటికి రిటైరై రెండు నెలలయింది.

చెల్లెలు మొదటి మాత్ర వేసుకునే పొద్దున ఆవిడ తలుపు తట్టింది. ఒక నీళ్ళసీసా, ఆ పాత కాటా, ఒక కట్ట కార్డులు.

"ఆసుపత్రివాళ్ళు వారానికోసారి రక్తం చూస్తారు. మిగతా ఆరు రోజులు ఎవరు చూస్తారు?"

"నేనేమన్నా ఎలుకనా పెద్దమ్మా?"

"ఎలుకైతే ఇంత వాదించదు. పొద్దున్నే తూచు, రాయి. మర్చిపోయావో, నేనొచ్చి ఇక్కడే కాపురం పెడతా."

పన్నెండు వారాలు. నా చెల్లెలు ఒక్క రోజు తప్పలేదు. ఆఖరి వారం సీసాలమ్మ రెండో ప్యాంటు కొలతలకని వచ్చింది. మొదటిది అప్పటికే మోకాళ్ళ దగ్గర వెలిసిపోయింది, అంతగా తొడిగింది మరి. చెల్లెలి మోచేతులు నున్నగా ఉన్నాయి. తలలో ఇంకా కాస్త మిగిలింది. అరచేతుల్లో మాత్రం పగుళ్ళు లేవు, లేత గులాబీరంగు కొత్త చర్మం. ఆసుపత్రి చివరి కాగితం నా జేబులో ఉంది, కాల్షియం సరిగ్గా ఉండాల్సినంతే. నేను దాన్ని తీసి ఇవ్వబోయాను. సీసాలమ్మ చేత్తో అడ్డుకుని, "ఉండవయ్యా," అని కళ్ళజోడు పెట్టుకుంది. పన్నెండు కార్డులూ బల్ల మీద పరుచుకుని, వేలు పెట్టి, ఒక్కో గీతా చదివింది. మేమిద్దరం ఆవిడ వేలినే చూస్తూ నిలబడ్డాం. చెవి మీది పెన్సిలు తీసి, నాలుకకు తగిలించి, ఆఖరి కార్డు కింద పెద్ద అక్షరాలతో "మామూలే" అని రాసింది.

ఇన్నేళ్ళలో నా ముందు కంటతడి పెట్టని నా చెల్లెలు స్టూలు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. సీసాలమ్మ దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "ఊరుకో, ఆ కన్నీళ్ళు కూడా తూచాల్సి వస్తుంది," అంది. ఆ ఒక్క రోజు మాత్రం నేను ఆవిడతో గొడవ పడలేదు.